పాత పెర్ఫార్మెన్స్ ఇంజన్‌కి ఆయిల్ ఎంచుకోవడం: జింక్ లెక్క మొదటి నుంచీ

కొత్త క్యామ్‌షాఫ్ట్ వేసి, పూర్తిగా ఓవర్‌హాల్ చేయించిన ఇంజన్ స్టార్ట్ చేసిన అరగంటలోపే క్యామ్ లోబ్ (వాల్వ్‌ని తెరిచే, క్యామ్ మీది ఉబ్బు) అరిగిపోయిన సందర్భాలు పాత వీ8 ఇంజన్ల లోకంలో కొల్లలు. ఆయిల్ నిండుగానే ఉంటుంది, ప్రెషర్ బాగానే చూపిస్తుంది, డబ్బా మీద పేరున్న కంపెనీ బొమ్మే ఉంటుంది. అయినా లోబ్ పోతుంది. పాత బళ్లవాళ్ల నోట్లో జింక్ అనే మాట అంతగా నానడానికి కారణం ఇదే. నాని నాని ఇప్పుడు వ్యవహారం రెండో కొసకి పోయింది. అవసరం ఉన్నా లేకపోయినా షాపులో దొరికిన జింక్ బాటిల్ కొని ఇంజన్లో గుమ్మరిస్తున్నారు.

నా లెక్కలో వరుస ఇది: ముందు మీ ఇంజన్లో క్యామ్, ట్యాపెట్ (లోబ్ కదలికని వాల్వ్ వైపు అందించే ముక్క), వాల్వ్ స్ప్రింగ్ ఏ రకమో తేల్చుకోవాలి. ఆ తర్వాత ఆయిల్ చిక్కదనం. జింక్ అంకె మూడోది, కాకపోతే దాని గురించి చెప్పాల్సింది ఎక్కువ కాబట్టి కింద చిక్కదనం కంటే ముందు దాన్నే చెప్తాను. చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు, అక్కడే డబ్బూ పోతుంది, ఒక్కోసారి క్యామూ పోతుంది.

జింక్ అసలు చేసే పని

మనం పొట్టిగా జింక్ అనేది జెడ్‌డీడీపీ. పూర్తి పేరు జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్. 1940ల నుంచీ ఇంజన్ ఆయిల్లో కలుపుతున్నారు. మొదట్లో ఆయిల్ త్వరగా పాడవకుండా, బేరింగుల లోహాన్ని తినేయకుండా ఉండటానికి కలిపారు. అరుగుదలను ఆపే గుణం తర్వాత తెలిసొచ్చింది.

క్రాంక్ బేరింగులు ఆయిల్ మీద తేలుతూ తిరుగుతాయి, ప్రెషర్ ఉన్నంతసేపూ లోహానికి లోహం తగలదు. క్యామ్ లోబ్ దగ్గర అలా కాదు. లోబ్, ట్యాపెట్ కలిసే చోటు ఒక సన్నటి గీత. స్ప్రింగ్ బరువంతా ఆ గీత మీదే పడుతుంది, అక్కడ ఆయిల్ పొర నలిగి తెగిపోతుంది. పైగా చాలా పాత ఇంజన్లలో ఆ చోటికి పంపు నుంచి నేరుగా ఆయిల్ రాదు, క్రాంక్ తిరుగుతూ చిమ్మిందే దిక్కు. వేడి, ఒత్తిడి రెండూ పడ్డ ఆ గీత మీద జెడ్‌డీడీపీ విడిపోయి, లోహం పైన గాజులాంటి ఫాస్ఫేట్ పొర కడుతుంది. మందం మహా అయితే 100, 150 నానోమీటర్లు. ఇది అరిగితే మళ్లీ కడుతుంది. లోబ్‌కి బదులు అరిగేది ఆ పొరే.

ఇందులో అసలు పని ఫాస్ఫరస్, సల్ఫర్‌లది. అందుకని ఆయిల్ కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లో జింక్ అంకె ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, ఫాస్ఫరస్ అంకె చూడండి. మామూలుగా జింక్ దానికంటే పదో వంతు ఎక్కువ ఉంటుంది. కింద నేను చెప్పే అంకెలన్నీ ఫాస్ఫరస్‌వే.

మరి కంపెనీలు దీన్ని ఎందుకు తగ్గించాయి? పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం. ఇంజన్ తాగిన కొద్దిపాటి ఆయిల్లోని ఫాస్ఫరస్ పొగతో బయటికి వచ్చి కన్వర్టర్ లోపలి పూత మీద పేరుకుని దాన్ని మొద్దుబారుస్తుంది. అందుకే ఆయిల్ ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ ఏపీఐ ఒక్కో తరానికీ పరిమితి బిగిస్తూ వచ్చింది. 1990ల మొదట్లో 1200 పీపీఎం (పది లక్షల భాగాల్లో 1200 భాగాలు) దాకా ఉండనిచ్చారు. 1996లో వచ్చిన ఎస్‌జే, 2001లో వచ్చిన ఎస్‌ఎల్‌కి అది 1000 అయింది. 2004లో ఎస్‌ఎమ్‌తో 800కి దిగింది. 2010 నాటి ఎస్‌ఎన్, 2020 నాటి ఎస్‌పీ కూడా అక్కడే ఉన్నాయి. మన దేశంలో కొత్త పెట్రోల్ కార్లకి కన్వర్టర్ తప్పనిసరి చేసింది 1995 ఏప్రిల్‌లో, అదీ మొదట నాలుగు మహానగరాల్లోనే. అంతకు ముందు బండికి కన్వర్టరే లేదు కాబట్టి ఈ పరిమితితో దానికి ఒరిగేదేం లేదు.

మొదటి అడుగు: మీ ఇంజన్ ఏ రకం

అసలు ఆయిల్ ఎంపిక సగం ఇక్కడే తేలిపోతుంది, కాబట్టి తొందరపడకండి.

జింక్ గొడవంతా ప్రధానంగా ఫ్లాట్ ట్యాపెట్ ఇంజన్లది. ట్యాపెట్ అడుగుభాగం నేరుగా లోబ్ మీద రుద్దుకుంటూ నడిచే రకం. చూడ్డానికి చదునుగా కనిపించినా ఆ ముఖం కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. లోబ్‌ని కూడా ఒకవైపుకి వెంట్రుకవాసి వాలు ఉండేలా గ్రైండ్ చేస్తారు. ఈ రెండింటి వల్ల ట్యాపెట్ పైకీ కిందికీ ఆడుతూనే తన గూట్లో నెమ్మదిగా తిరుగుతుంది. తిరిగినంతకాలం అరుగుదల ముఖమంతా పంచుకుంటుంది. ఏదో కారణంతో తిరగడం ఆగిందా, ఒకే చోట రుద్దుకుని ట్యాపెట్ మధ్యలో గుంట పడుతుంది, లోబ్ ముక్కు గుండ్రంగా అరిగిపోతుంది. ఒకసారి పైగట్టి పొర దాటాక ఇక ఆగదు.

షెవ్రోలే స్మాల్ బ్లాక్ 327, 350, ఫోర్డ్ 289, 302, క్రైస్లర్ 340, 440 లాంటి 1960లు, 70ల అమెరికన్ వీ8లన్నీ ఈ కోవలోవే. టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో పాత మస్టాంగ్, కెమారో కొనుక్కుని ముచ్చటగా బాగుచేయించుకునే మనవాళ్లకి ఇది నేరుగా వర్తిస్తుంది. ఇక్కడ మన దగ్గర చూస్తే 1489 సీసీ బీఎంసీ ఇంజన్ ఉన్న అంబాసిడర్, 1089 సీసీ ప్రీమియర్ పద్మిని, కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్టు, అన్నీ పుష్‌రాడ్ (ట్యాపెట్ కదలికని పైకి అందించే కడ్డీ), ఫ్లాట్ ట్యాపెట్ ఇంజన్లే. పద్మినిని పెర్ఫార్మెన్స్ బండి అంటే నవ్వుతారేమో గానీ, షోలవరం రేసుల కాలంలో ఫియట్లను ట్యూన్ చేసి గట్టిగానే పరిగెత్తించారు. హై లిఫ్ట్ క్యామ్, బిగువు స్ప్రింగులు వేసిన పద్మినికీ, అదే చేసిన షెవ్రోలేకీ ఆయిల్ విషయంలో కావలసింది ఒకటే.

రోలర్ ట్యాపెట్ ఇంజన్లు వేరు. అక్కడ లోబ్ మీద చిన్న చక్రం దొర్లుతుంది, రుద్దుడు లేదు. ఫోర్డ్ 5.0 లీటర్ మస్టాంగ్‌కి 1985 నుంచి, షెవ్రోలే స్మాల్ బ్లాక్ కార్లకి 1987 నుంచి కంపెనీయే రోలర్లు వేసింది. ఇలాంటి ఇంజన్‌కి సరైన చిక్కదనం ఉన్న ఇప్పటి మంచి ఆయిల్ చాలు. జింక్ కోసం అదనంగా ఖర్చు పెట్టే పని లేదు. అయితే పాత బండి చేతులు మారుతూ వచ్చినప్పుడు లోపల ఏ క్యామ్ ఉందో ఇంజన్ నంబర్ చెప్పదు. 1988 ఇంజన్లో ఎవరో ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ వేసి ఉండొచ్చు, 1968 ఇంజన్లో రోలర్ సెట్ ఉండొచ్చు. ఇంటేక్ మానిఫోల్డ్ విప్పితే తెలిసిపోతుంది. క్యామ్‌తో పాటు వచ్చిన స్పెసిఫికేషన్ కార్డు ఉంటే ఇంకా మంచిది.

ఈ రెండింటికీ మధ్యలో ఉండేవి పాత ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజన్లు. డాట్సన్ 240జెడ్ లాంటి వాటిలో రాకర్ ఆర్మ్ మెత్త నేరుగా లోబ్ మీద జారుతుంది. వీటిని ఫ్లాట్ ట్యాపెట్ లాగే చూసుకోవాలి. బకెట్ ట్యాపెట్ రకాలకి అంత భయం లేదు, 900, 1000 దాకా ఉంటే నిశ్చింత.

ఇక ఆర్‌ఎక్స్100, ఆర్‌డీ350, పాత యెజ్డీ ఉన్నవాళ్లు. అవి టూ స్ట్రోక్ బళ్లు, వాటిలో క్యామే లేదు. పెట్రోల్‌తో కలిసి కాలిపోయే 2టీ ఆయిల్లో జింక్ బాటిల్ పోస్తే వచ్చేది బూడిద, దాంతో ప్లగ్గు మూసుకుపోవడం. ఈ వ్యాసంలో వాళ్లకి పనికొచ్చే మాట ఇదొక్కటే.

రెండో అడుగు: ఎంత కావాలి

స్ప్రింగ్ ఎంత బిగువో దాన్ని బట్టి. వాల్వ్ మూసి ఉన్నప్పుడు స్ప్రింగ్ నొక్కే బరువుని సీట్ ప్రెషర్ అంటారు. కంపెనీ స్ప్రింగులకి ఇది 80 నుంచి 100 పౌండ్ల మధ్య ఉంటుంది. పెర్ఫార్మెన్స్ క్యామ్‌తో వచ్చే స్ప్రింగులు 120 దాటతాయి, వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 300 పౌండ్ల దాకా పోతాయి.

కంపెనీ స్ప్రింగులతో వేల కిలోమీటర్లు తిరిగి కుదురుకున్న ఇంజన్ అయితే ఫాస్ఫరస్ 800 నుంచి 1000 ఉంటే చాలు. ఇక్కడ నేను చాలామందితో విభేదిస్తాను. ఎస్‌ఎమ్, ఎస్‌ఎన్ ఆయిల్ పోస్తే ఫ్లాట్ ట్యాపెట్ ఇంజన్ వెంటనే పాడవుతుందని ఊదరగొడతారు. ఆ ఆయిల్స్ నెగ్గాల్సిన సీక్వెన్స్ 3జీ పరీక్ష చేసిందే జనరల్ మోటార్స్ 3.8 లీటర్ వీ6 ఇంజన్ మీద, అందులోనూ పరీక్ష కోసం ఫ్లాట్ ట్యాపెట్లు పెట్టి, క్యామ్ అరుగుదల కొలిచారు. అంటే మామూలు స్ప్రింగుల బరువుకి అవి తట్టుకున్నట్టే. ఎస్‌పీకి వచ్చేసరికి పరిస్థితి మారింది. ఆ పరీక్ష స్థానంలో వచ్చిన 3హెచ్‌లో వాడేది క్రైస్లర్ 3.6 లీటర్ వీ6, రోలర్ ఫాలోయర్ల ఇంజన్. కాబట్టి పలచటి ఎస్‌పీ ఆయిల్ మీద ఫ్లాట్ ట్యాపెట్ పరంగా పెద్దగా ఆధారపడలేం.

బిగువు స్ప్రింగులు వేసిన ఇంజన్‌కి 1000 నుంచి 1300 మధ్య చూసుకోండి. ట్రాక్ మీద తిప్పినా, వీధిలో తిప్పినా ఇదే. కొత్త క్యామ్ వేసిన మొదటి అరగంటది వేరే కథ, దాని సంగతి కింద చెప్తాను.

ఎక్కువైతే ఏం పోయింది అని అడుగుతారు. 1400 దాటాక అదనంగా వచ్చే రక్షణ దాదాపు లేదు. 2000 దాటితే అదే రసాయనం ఇనుముని తొలవడం మొదలుపెట్టి, లోబ్ మీద పెచ్చులు లేచే ప్రమాదం ఉంది. బూడిద కూడా పెరుగుతుంది. మందు డోసు రెట్టింపు చేస్తే జ్వరం రెట్టింపు వేగంతో తగ్గదు కదా.

మూడో అడుగు: డబ్బా మీద రాత చదవడం

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి సుఖం. పాత ఇంజన్ల కోసమే చేసిన ఆయిల్స్ దొరుకుతాయి, అంకెలు షీట్‌లోనే ఉంటాయి. వాల్వొలిన్ వీఆర్1 20డబ్ల్యూ-50కి (ఇది చిక్కదనం గ్రేడ్, నాలుగో అడుగులో చెప్తాను) జింక్ 0.14 శాతం, ఫాస్ఫరస్ 0.13 శాతం అని కంపెనీయే చెప్తుంది. మొబిల్ 1 15డబ్ల్యూ-50కి ఫాస్ఫరస్ 1200, జింక్ 1300 పీపీఎం అని ఇచ్చారు. 0.13 శాతం అంటే 1300 పీపీఎం, శాతాన్ని 10,000తో గుణిస్తే సరి. ఒకే పేరుతో దేశానికో ఫార్ములా ఉంటుంది, కొన్నేళ్లకోసారి మారుస్తారు కూడా. అందుకని కొనే రోజున, కొనే దేశం షీట్ తెరిచి చూసుకోవాలి.

మన దగ్గర చిక్కు ఏమిటంటే, ఇక్కడి షీట్లలో చాలావాటికి జింక్, ఫాస్ఫరస్ గడులే ఉండవు. షాపువాణ్ణి అడిగితే "అన్నీ ఒకటే సార్" అంటాడు. అప్పుడు డబ్బా వెనక ఉన్న ప్రమాణాల వరుసే మనకి ఆధారం. అందులో దాగి ఉన్న సమాచారం చాలామంది అనుకునే దానికంటే ఎక్కువ.

ఏపీఐ 800 పరిమితి అన్ని గ్రేడ్లకీ లేదు. 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పలచటి గ్రేడ్లకే అది. 10డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50లకి గరిష్ఠ పరిమితి లేదు. కాబట్టి ఎస్‌ఎన్ అని రాసి ఉన్న 20డబ్ల్యూ-50లో 1200 ఉండొచ్చు. కానీ కనిష్ఠం 600 మాత్రమే, కాబట్టి 700 కూడా ఉండొచ్చు. అంటే ఏపీఐ అక్షరాలు ఒక్కటే చూసి ధైర్యపడలేం. గుండ్రటి ఏపీఐ ముద్ర కింది భాగంలో 'రిసోర్స్ కన్జర్వింగ్' అని ఉంటే మాత్రం అది తక్కువ ఫాస్ఫరస్ ఆయిలేనని ఖాయం చేసుకోవచ్చు. ఫ్లాట్ ట్యాపెట్ ఇంజన్‌కి దాన్ని వదిలేయండి.

ఇప్పుడు మన బజార్లో పనికొచ్చే కిటుకు: బైకు ఆయిల్. జపాన్ వాళ్ల బైకు ఆయిల్ ప్రమాణం జాసో ఎంఏ, ఎంఏ2 ప్రకారం ఫాస్ఫరస్ 0.08 నుంచి 0.12 శాతం మధ్యే ఉండాలి. అంటే డబ్బా మీద ఎంఏ2 అని నిజంగా ఉంటే కనీసం 800 గ్యారంటీ, గరిష్ఠంగా 1200. పైగా క్లచ్ జారకుండా ఉండటానికి వీటిలో రాపిడి తగ్గించే ఫ్రిక్షన్ మాడిఫయర్లు కలపరు, పాత ఇంజన్‌కి వాటితో పనీ లేదు. 20డబ్ల్యూ-50 ఎంఏ2 ఆయిల్ ఊరూరా దొరుకుతుంది. కాస్ట్ ఐరన్ బుల్లెట్టుకి ఇంతకంటే వెతకనక్కర్లేదు. ట్యూన్ చేసిన పద్మినికీ పోయొచ్చు. కాకపోతే లీటరు డబ్బాలు కొంటే ఖర్చు కొంచెం ఎక్కువ పడుతుంది.

రెండో దారి డీజిల్ ఆయిల్. లారీలకి పోసే 15డబ్ల్యూ-40. 2002లో వచ్చిన సీఐ-4 తరగతికి ఫాస్ఫరస్ పరిమితి లేదు, మామూలుగా 1100 నుంచి 1400 మధ్య ఉంటుంది. 2006 నాటి సీజే-4, 2016 నాటి సీకే-4లకి 1200 పరిమితి పెట్టారు. సీకే-4 వచ్చిన కొత్తలో కొన్నింటిలో ఫాస్ఫరస్ మరీ తగ్గించారని ఫోర్డ్ తన డీజిల్ ఇంజన్లకి కనీసం 1000 ఉండాలని వేరే స్పెసిఫికేషనే రాసుకుంది. మన పెట్రోలు బంకుల్లో సీఐ-4 ప్లస్ ఇంకా సులువుగానే దొరుకుతుంది. ఎఫ్‌ఏ-4 అని ఉంటే ముట్టుకోకండి, అది కొత్త లారీల కోసం చేసిన పలచటి ఆయిల్.

డీజిల్ ఆయిల్‌తో రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, దీన్లో మసిని కడిగే డిటర్జెంట్లు ఎక్కువ. అవి కూడా లోహం మీద చోటు కోసం జింక్‌తో పోటీ పడతాయి. రెండోది, జెడ్‌డీడీపీలోనే రెండు జాతులు ఉన్నాయి, ప్రైమరీ, సెకండరీ అని. సెకండరీ తక్కువ వేడికే విడిపోయి త్వరగా పొర కడుతుంది, క్యామ్‌కి కావలసింది అదే. ప్రైమరీ వేడికి ఎక్కువసేపు తట్టుకుంటుంది, డీజిల్ ఆయిల్స్‌లో దీని వాటా ఎక్కువ. కాబట్టి డీజిల్ ఆయిల్లోని 1200, రేసింగ్ ఆయిల్లోని 1200 ఒకేలా పనిచేయవు. రోజువారీ తిరిగే కంపెనీ స్ప్రింగుల ఇంజన్‌కి సీఐ-4 బంగారంలా సరిపోతుంది. బిగువు స్ప్రింగులతో రెడ్‌లైన్ దాకా లాగే ఇంజన్‌కి నేనైతే వాడను.

యూరప్ ప్రమాణం ఏసీఈఏ రాసి ఉంటే ఏ3/బీ4 మంచిది, సీ2, సీ3 వద్దు. సీ తరగతులు కన్వర్టర్లని, డీజిల్ ఫిల్టర్లని కాపాడటానికి ఫాస్ఫరస్ తగ్గించినవి. సీ3కి 0.07 నుంచి 0.09 శాతం.

ఇంక ఒట్టి రేసింగ్ ఆయిల్స్. జింక్ దండిగా ఉంటుంది, డిటర్జెంట్ తక్కువ. రేసు అవగానే తీసేయడానికి చేసినవి. ఆదివారం ఆదివారం బయటికి తీసి, మిగతా వారమంతా షెడ్డులో ఉంచే బండిలో ఏడాది పాటు అదే ఉంచితే లోపల తేమ, యాసిడ్ చేరతాయి. రేసు పేరు చూసి మోజుపడి కొనకండి.

నాలుగో అడుగు: చిక్కదనం

జింక్ ఆఖరి కంచె. ఆయిల్ పొర తెగాకే దానికి పని. పొర తెగకుండా చూసేది చిక్కదనం.

20డబ్ల్యూ-50లో మొదటి అంకె చల్లటి ఇంజన్‌కి, రెండోది వేడెక్కిన ఇంజన్‌కి. 20డబ్ల్యూ ఆయిల్‌కి స్టార్టింగ్ పరీక్ష చేసేది మైనస్ 15 డిగ్రీల దగ్గర. మన ఆదిలాబాద్ చలి కూడా దీనికి లెక్కలోది కాదు. కాబట్టి ఆంధ్ర, తెలంగాణల్లో 20డబ్ల్యూ వద్దనడానికి కారణం లేదు. షికాగోలో ఉండి డిసెంబర్లో బండి తీసేవాళ్లయితే 10డబ్ల్యూ చూసుకోవాలి. వాళ్లలోనూ చాలామంది చలికాలం అంతా బండి మీద కవరు కప్పేస్తారనుకోండి.

రెండో అంకెకి ఇంజన్ లోపలి సందులే ఆధారం. 40 గ్రేడ్ అంటే 100 డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత), 50 అంటే 16.3 నుంచి 21.9. బేరింగు సందులు కంపెనీ లెక్కలో ఉంటే 40 చాలు. రేసు కోసం వదులుగా కట్టిన ఇంజన్, లేదా అరిగి వదులైన ఇంజన్ అయితే 50. పాత వీ8 వాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది: బాగా వేడెక్కాక ప్రతి 1000 ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ ప్రెషర్ ఉండాలి. మే నెల మధ్యాహ్నం విజయవాడ ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కున్నాక గేజ్ ఏం చెప్తుందో చూడండి. 40తో ఆ లెక్క నిలిస్తే 50కి వెళ్లే పనిలేదు. ఊరికే చిక్కటిది పోస్తే పవరు తినేస్తుంది, చల్లగా ఉన్నప్పుడు క్యామ్ మీదికి చిమ్మడం ఆలస్యమవుతుంది.

షీట్‌లో హెచ్‌టీహెచ్‌ఎస్ అనే అంకె ఉంటే చూడండి. 150 డిగ్రీల వేడిలో, గట్టి రాపిడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్పేది అది. బిగువు స్ప్రింగులు వేసిన ఇంజన్‌కి 3.7 పైన ఉండాలి.

మినరలా, సింథటికా అన్న గొడవకి నేను ఎక్కువ సమయం ఇవ్వను. సింథటిక్ వేడికి బాగా తట్టుకుంటుంది. పాత తాడు సీళ్లు ఉన్న ఇంజన్లో కారడం కాస్త బయటపడొచ్చు. డబ్బు, సీళ్లు రెండూ బాగుంటే సింథటిక్ పోయండి.

బాటిల్ జింక్ కలపాలంటే లెక్క వేసి కలపండి

సరైన ఆయిల్ దొరికితే దీని అవసరమే రాదు. తయారైన ఆయిల్లో డిటర్జెంట్, డిస్పర్సెంట్ (మురికి గడ్డకట్టకుండా చెదరగొట్టి ఉంచేది), జింక్ ఒకదానికొకటి సరిపోయేలా పరీక్షలు చేసి కలుపుతారు. పైనుంచి మనం ఒకటి పెంచితే ఆ తూకం చెదురుతుంది. అయినా తప్పని పరిస్థితి ఉంటుంది కాబట్టి లెక్క చెప్తాను.

స్మాల్ బ్లాక్‌లో ఫిల్టర్‌తో కలిపి 4.7 లీటర్లు పడుతుంది. లీటరు ఆయిల్ బరువు 0.87 కిలోలు అనుకుంటే మొత్తం 4.1 కిలోలు. పోసిన ఆయిల్లో ఫాస్ఫరస్ 800 ఉంది, మనకి 1100 కావాలి. తేడా 300 పీపీఎం, అంటే కిలోకి 300 మిల్లీగ్రాములు. 4.1ని 0.3తో గుణిస్తే 1.23 గ్రాముల ఫాస్ఫరస్. బాటిల్లో ఉన్నది 8 శాతం ఫాస్ఫరస్ ఉన్న అసలు సరుకు అయితే 15 గ్రాములు, అంటే మూడు చెంచాలు. అంతే.

బాటిల్ మీద ఫాస్ఫరస్ శాతం, లేదా ఇన్ని లీటర్లకి ఇంత పీపీఎం పెరుగుతుందని రాసి ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది. ఏమీ రాయకుండా 'ఇంజన్‌కి ప్రాణం పోస్తుంది' అని మాత్రమే ఉన్న బాటిల్‌ని షాపులోనే వదిలేయండి. ఇప్పటికే 1300 ఉన్న ఆయిల్లో, బాటిల్‌కి 1000 పెంచే సరుకు మొత్తం కుమ్మరిస్తే 2300 అవుతుంది. పైన చెప్పిన ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది.

కొత్త క్యామ్ మొదటి అరగంట

చాలా క్యాములు పోయేది ఇక్కడే. దీన్లో ఆయిల్ తప్పు సగమే. ట్యాపెట్ల నాణ్యత బాగా లేకపోవడం, గూట్లో తిరగకపోవడం, స్ప్రింగులు మరీ బిగువుగా ఉండటం, స్టార్ట్ కాక పదేపదే తిప్పడం, అన్నీ కలిసే లోబ్‌ని తింటాయి. తర్వాత నింద మాత్రం ఆయిల్‌ మీద పడుతుంది.

బిగించేటప్పుడే లోబ్‌లకీ ట్యాపెట్ ముఖాలకీ మాలిబ్డినం పేస్టు దండిగా రాయండి. ట్యాపెట్ పక్కలకి మాత్రం పేస్టు వద్దు, మామూలు ఆయిల్ చాలు, లేకపోతే తిరగదు. ప్రతి ట్యాపెట్ చేతితో తిప్పి చూడండి. రెండు వరుసల స్ప్రింగులు ఉంటే లోపలి స్ప్రింగులు తాత్కాలికంగా తీసేయండి. బ్రేక్-ఇన్ ఆయిల్ అని ప్రత్యేకంగా అమ్మేది పోయండి. దీన్లో జింక్ ఎక్కువ, డిటర్జెంట్ తక్కువ. వాడేది కాసేపే కాబట్టి మోతాదు గురించి టెన్షన్ అక్కర్లేదు.

డిస్ట్రిబ్యూటర్ తీసి, డ్రిల్‌తో ఆయిల్ పంపు తిప్పి, గేజ్ మీద ప్రెషర్ వచ్చేదాకా ప్రైమ్ చేయండి. టైమింగు, పెట్రోలు, రేడియేటర్ నీళ్లు ముందే సరిచూసుకోండి, కీ తిప్పగానే అందుకోవాలి. స్టార్ట్ అయిన వెంటనే 2000కి తీసుకెళ్లి, 2000, 2500 మధ్య కొంచెం పెంచుతూ తగ్గిస్తూ 20 నుంచి 30 నిమిషాలు నడపండి. ఐడిలింగ్‌లో మాత్రం పెట్టకండి, ఆ వేగంలో క్రాంక్ చిమ్మే ఆయిల్ లోబ్‌లకి చాలదు. ఎక్కడైనా లీకు కనిపిస్తే ఐడిల్‌కి తగ్గించి చూద్దాంలే అనకుండా ఇంజన్ కట్టేసి, బాగుచేసుకుని, మిగతా నిమిషాలు పూర్తి చేయండి. వాల్వ్ కవర్ తీసి నడపగలిగితే పుష్‌రాడ్లు తిరుగుతున్నాయో లేదో కంటికే కనిపిస్తుంది. ఒకటి తిరగకుండా నిలబడితే వెంటనే ఆపాలి.

అయిపోయాక ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చేయండి. లోపలి స్ప్రింగులు తిరిగి పెట్టండి. రెండో అడుగులో తేల్చుకున్న ఆయిల్ ఇప్పుడు పోయాలి.

పోశాక కనిపెట్టుకోవడం

ఆయిల్ సరిగ్గా పనిచేస్తోందా అని ఇంజనే చెప్తుంది. సాలిడ్ ట్యాపెట్లు (గ్యాప్ చేత్తో సెట్ చేసే రకం) ఉన్న ఇంజన్లో, అంబాసిడర్, పద్మిని సహా, ట్యాపెట్ సెట్టింగ్ ప్రతిసారీ కాగితం మీద రాసి పెట్టుకోండి. కుదురుకున్న ఇంజన్లో గ్యాప్ పెద్దగా మారదు. ఎనిమిదింటిలో ఒక్క వాల్వ్ దగ్గర మాత్రం గ్యాప్ మళ్లీ మళ్లీ పెరుగుతుంటే ఆ లోబ్ అరుగుతోందని అర్థం. ట్యాపెట్ సౌండ్ వస్తోంది కదా అని స్క్రూ బిగించి పంపేసే మెకానిక్ మీ క్యామ్ చావుని వాయిదా వేస్తున్నాడంతే. డయల్ గేజ్ పుష్‌రాడ్ కొనకి ఆనించి ఇంజన్ చేత్తో తిప్పితే లిఫ్ట్ ఎంతో తెలుస్తుంది. మిగతా వాటితో పోలిస్తే తక్కువ వచ్చిందే దొంగ.

ఆయిల్ మార్చిన ప్రతిసారీ పాత ఫిల్టర్ కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. మెరిసే పొడి కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, క్యామ్, ట్యాపెట్ల వైపు అనుమానించాలి. అంటుకోకపోతే బేరింగు లోహం. వాడిన ఆయిల్‌ని ల్యాబ్‌కి పంపితే ఇనుము ఎన్ని పీపీఎం ఉందో చెప్తారు. ఒక్క రిపోర్టుతో ఏమీ తేలదు, రెండు మూడు వరసగా చూస్తే పెరుగుతోందా లేదా అన్నది బయటపడుతుంది. అదే ల్యాబ్‌కి కొత్త డబ్బాలోంచి ఓ చిన్న సీసా పంపితే, కంపెనీ షీట్‌లో లేని ఫాస్ఫరస్ అంకె కూడా దొరుకుతుంది.

కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చండి. నెలలు నిలబెట్టబోతుంటే నిలబెట్టే ముందే మార్చాలి, మురికి ఆయిల్లోని యాసిడ్ లోపల కూర్చుని పని చేస్తూనే ఉంటుంది.

కొనేటప్పుడు బిల్లు ఇచ్చే బంకు గానీ, కంపెనీ డీలరు గానీ చూసుకోండి. పేరున్న బ్రాండ్ల ఖాళీ డబ్బాల్లో ఏదో నింపి అమ్మడం మన దగ్గర పాత వ్యాపారమే. మూత సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చెరిపినట్టుంటే వెనక్కి ఇచ్చేయండి. ఖాళీ అయిన డబ్బాకి మేకుతో ఓ బెజ్జం కొట్టి పాతసామాన్లలో వేయండి. తీసిన ఆయిల్ కాలవలో పోయకుండా అధికారికంగా పాత ఆయిల్ సేకరించేవాళ్లకి ఇవ్వండి. ఒక అర లీటరు సరైన ఆయిల్ మాత్రం డిక్కీలో ఉంచుకోండి. హైవే మీద లెవెల్ తగ్గితే దొరికిందేదో పోసి ఈ లెక్కంతా చెడగొట్టుకోకుండా అది కాపాడుతుంది.